డాక్సీపెప్ మన దగ్గర అడిగి రాయించుకోవాల్సిందే

కండోమ్ లేకుండా కలిశాక 72 గంటల్లోపు డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ 200 మిల్లీగ్రాములు, అంటే 100వి రెండు మాత్రలు, ఒకేసారి వేసుకోవడాన్ని డాక్సీపెప్ అంటారు. దీంతో సిఫిలిస్, క్లమీడియా అనే సుఖవ్యాధులు వచ్చే అవకాశం 70 శాతానికి పైగా తగ్గుతుందని పరీక్షల్లో తేలింది. మూడో సుఖవ్యాధి గనేరియా విషయంలో మాత్రం దీని మీద అంత నమ్మకం పెట్టుకోకండి. అమెరికాలో జబ్బుల నివారణ చూసే ప్రభుత్వ సంస్థ సీడీసీ 2024 జూన్‌లో దీనికి మార్గదర్శకాలు ఇచ్చింది. మన సర్కారు ఆసుపత్రుల్లోని సురక్ష క్లినిక్‌లలో జబ్బు వచ్చాక మందులు ఉచితంగానే ఇస్తారు గానీ, రాకముందు ఇవ్వడం అలవాటు లేదు, అందుకే భీమవరమైనా అమలాపురమైనా మనమే నోరు తెరిచి అడగాలి.

ఇది అందరికీ కాదు. సీడీసీ చెప్పింది మగవాళ్లతో కలిసే మగవాళ్లకీ ట్రాన్స్ మహిళలకీ, అదీ గత 12 నెలల్లో ఈ మూడు జబ్బుల్లో ఒకటైనా వచ్చి ఉంటే. ఆడవాళ్ల మీద కెన్యాలో చేసిన పరీక్షలో ఫలితం కనపడలేదు, తీరా వెంట్రుకలు పరీక్షిస్తే చాలామంది మాత్రలే వేసుకోలేదని తేలింది. కాబట్టి వాళ్లకి పనిచేయదనీ అనలేం, చేస్తుందనీ అనలేం.

వెళ్లాల్సింది చర్మ వైద్యుల దగ్గరికి. మన దేశంలో చర్మం డాక్టరే సుఖవ్యాధుల డాక్టరు కూడా, బోర్డు మీద డీవీఎల్ అని చూసుకోండి. ఇందులో ఇంకో సుఖం ఉంది, బయట బెంచీ మీద తెలిసినవాళ్లు కనపడినా తామరకో మొటిమలకో వచ్చారనుకుంటారు. అయినా టెన్షన్‌గా ఉంటే, సొంతూళ్లో డాక్టరు మీ మావయ్య గారి స్నేహితుడైతే, కాకినాడో రాజమండ్రో బస్సెక్కండి. గోడల మీద ‘గుప్తరోగాలు’ అని రాసి ఉండే చోటుకి మాత్రం పొరపాటున కూడా పోవద్దు.

లోపలికెళ్లాక నసగొద్దు. ‘డాక్టరు గారండీ, నేను మగవాళ్లతో కలుస్తాను, పోయినేడు సిఫిలిస్ వచ్చి తగ్గింది, డాక్సీపెప్ గురించి చదివాను, ముందు పరీక్షలు రాయండి, మూడు నెలలకోసారి మళ్లీ వస్తాను’ అనేయండి. పేరు వినలేదంటే సీడీసీ కాగితం ఫోన్‌లో చూపించండి. మందు వాళ్లకి కొత్తది కాదు, వరద నీళ్లలో దిగేవాళ్లకి లెప్టోస్పైరోసిస్ రాకుండా వారానికి 200 మిల్లీగ్రాములు ఇచ్చేది ఇదే. రెసిస్టెన్స్ వస్తుందని, అంటే క్రిములు మందుకి లొంగకుండా పోతాయని డాక్టరు వెనకాడితే ఆ భయం న్యాయమైనదే, పరీక్షలకి క్రమంగా వస్తానన్న మాటే దానికి జవాబు. జబ్బు సంగతి వదిలేసి నీతులు చెప్తుంటే లేచి ఇంకొకరి దగ్గరికి వెళ్లండి, మగవాళ్లు మగవాళ్లతో కలవడం నేరమన్న 377 సెక్షన్ విషయంలో సుప్రీంకోర్టు 2018లోనే తేల్చేసింది, మీరు చేసింది నేరం కాదు.

మెడికల్ షాపులో చీటీ లేకుండా ఇచ్చేస్తారు, అది వేరే సంగతి. పరీక్ష చేయించకుండా మొదలుపెట్టొద్దు, ఎందుకంటే ఒంట్లో ఇప్పటికే సిఫిలిస్ ఉంటే రెండు మాత్రలతో అది పోదు. డాక్సీసైక్లిన్ కూడా టెట్రాసైక్లిన్ జాతి మందే, అవి పడనివాళ్లు, మొటిమలకి ఐసోట్రెటినాయిన్ వాడేవాళ్లు ఆ మాట ముందే చెప్పాలి.

వేసుకునే పద్ధతే చాలామంది చెడగొట్టుకుంటారు. ఏదైనా తిని, పెద్ద గ్లాసుడు నీళ్లతో మింగి, అరగంటైనా పడుకోకుండా ఉండాలి, లేకపోతే మాత్ర గొంతు కింద ఇరుక్కుని మంట పుట్టిస్తుంది. రాత్రి పన్నెండింటికి వేసుకుని మంచమెక్కడం కుదరదన్నమాట. పాలు, పెరుగు, డైజీన్, ఐరన్ మాత్రలకీ దీనికీ రెండు గంటల ఎడం ఉండాలి. ఎండకి చర్మం కమిలిపోతుంది, చెరువుల మీద రొయ్యలకి మేత వేసేవాళ్లు చేతులు నిండుగా కప్పుకోవాలి. ఎన్నిసార్లు కలిసినా 24 గంటల్లో 200 మిల్లీగ్రాములు దాటొద్దు.

ఇది హెచ్‌ఐవీని ఆపదు. ఆ భయముంటే దానికి కలిశాక వాడే వేరే మందులున్నాయి, వాటినీ పెప్ అనే అంటారు, అదీ 72 గంటల్లోపే మొదలుపెట్టి 28 రోజులు వాడాలి, ఎంత తొందరగా మొదలైతే అంత మంచిది, దగ్గర్లోని పెద్ద సర్కారు ఆసుపత్రికి ఆ రోజే పరిగెత్తండి. ఎక్కడికెళ్లాలో తెలియకపోతే 1097కి ఫోన్ చేయండి, డబ్బులు పడవు.

మూడు నెలలకోసారి హెచ్‌ఐవీ, సిఫిలిస్ కోసం వీడీఆర్‌ఎల్ లేదా ఆర్‌పీఆర్ రక్తపరీక్ష, గనేరియా, క్లమీడియా చూపించుకోవాలి. చివరి రెండింటికీ మూత్రం ఒక్కటే సరిపోదు, ఎలా కలిశారన్నదాన్ని బట్టి గొంతులోంచి, మలద్వారంలోంచి కూడా స్వాబ్ తీయాలి, సిగ్గుపడి ఆ సంగతి దాస్తే రిపోర్టు బాగానే వస్తుంది, జబ్బు మాత్రం లోపలే ఉంటుంది. వెళ్లిన ప్రతిసారీ పాత చీటీ, రిపోర్టులు పట్టుకెళ్లండి, లేకపోతే డాక్టరు మారినప్పుడల్లా కథంతా మొదటినుంచి చెప్పుకోవాలి.