పాత ప్యానెల్ ట్రక్ వెనక తలుపులు కుదరట్లేదా? ముందు గ్రైండర్‌ని పక్కన పెట్టండి

ప్యానెల్ ట్రక్ అంటే వెనక కిటికీల్లేని మూసిన బాడీ ఉన్న పాతకాలపు బండి. దానికి వెతగ్గా వెతగ్గా ఒక జత తలుపులు దొరుకుతాయి. బిగించి చూస్తే మూసుకోవు. "ఇవి వేరే మోడల్‌వి" అనేసి అంచులు అరగదీయడానికి గ్రైండర్ తీస్తారు. నా చేతికి వచ్చిన బళ్లలో చాలావాటికి తప్పు తలుపులది కాదు, అవి కూర్చునే చోటుది.

మధ్య సందు పైన సన్నగా, కింద వెడల్పుగా ఉంది

తలుపు తెరిచి, బయటి అంచు పట్టుకుని పైకి ఎత్తండి. కదిలిందా? హింజు (కీలు) పిన్నులు అరిగాయి. కొత్త పిన్నులు, బుష్‌లు (పిన్ను తిరిగే చిన్న గొట్టాలు) వేస్తే అయిపోతుంది. ఇలా ఎత్తి చూడటం అర నిమిషం పని. ఎందుకో ఎవరూ చేయరు.

ఒక తలుపు కింది మూల బయటికి పొడుచుకొచ్చింది, గొళ్లెం పడట్లేదు

నన్ను ముంచింది ఇదే. మూల నుంచి మూలకు టేపు పెట్టి కొలిచాను, రెండు కొలతలూ ఒకటే. చట్రం బాగానే ఉంది, తలుపే మెలిపడింది అనుకున్నాను. పైన లోపలి వైపు చెక్క ముక్క పెట్టి, కింద భుజంతో నెట్టి తలుపునే వంచాను. గొళ్లెం పడింది, రంగు కూడా వేశాను. ఆ తర్వాత బాడీ కింద నలిగిపోయిన రబ్బరు దిమ్మ మారిస్తే, అదే తలుపు ఈసారి పైమూలలో లేచి నిలబడింది.

జరిగేది ఏమిటంటే, వెనక మౌంటు, అంటే ఛాసిస్ మీద బాడీ కూర్చునే ఆ రబ్బరు దిమ్మ, ఒక పక్క కుంగితే బాడీ మొత్తం పొడవునా మెలి తిరుగుతుంది. ఆ పక్క పిల్లర్ (తలుపు బిగించే నిలువు స్తంభం) వెనక్కి వాలుతుంది, రెండోది వాలదు. అయినా టేపు కొలత మారదు. ఆ మెలి తెలియాలంటే దారం కావాలి.

తలుపులు తీసేసి, ఆ ఖాళీలో ఎదురెదురు మూలల మధ్య రెండు దారాలు ఐమూలగా బిగించి కట్టండి. మధ్యలో ఒకదాన్నొకటి ముట్టీ ముట్టనట్టు తగలాలి. తర్వాత పై దారాన్ని కిందికి మార్చి మళ్లీ చూడండి, ఎందుకంటే ఒకటి రెండోదాన్ని నొక్కుతున్నా తగిలినట్టే కనబడుతుంది. మధ్యలో 5 మిల్లీమీటర్ల ఎడం ఉంటే ఏదో ఒక మూల దాదాపు 10 మిల్లీమీటర్లు తప్పినట్టు.

ఇదంతా బండి నాలుగు చక్రాల మీద, చదును నేల మీద, టైర్లలో సమానంగా గాలి ఉన్నప్పుడే చూడాలి. స్టాండ్ల మీద ఉన్న బండిని కొలిస్తే ఛాసిస్ వంపును కొలిచినట్టే.

బాడీ బోల్టులు వదులు చేసి, కుంగిన పక్క కొంచెం కొంచెంగా షిమ్ములు (ఎత్తు సరిచేసే పల్చటి బిళ్లలు) పేరుస్తూ దారం చూడండి. గడప కింది రేకు మౌంటు చుట్టూ తుప్పు పట్టి ఉంటే ముందు దాన్ని మార్చాలి. తుప్పు రేకు మీద షిమ్ము వేస్తే నెల తిరక్కుండా మళ్లీ కుంగుతుంది.

తలుపులే దొరకట్లేదు

1947-55 నాటి షెవ్రొలే అయితే ఆ కాలపు సబర్బన్ (అదే కంపెనీ ప్రయాణికుల బండి) తలుపులు కూడా చూడండి. సబర్బన్ వెనక భాగం రెండు రకాలుగా వచ్చింది. పక్కలకు తెరుచుకునేదే మీకు పనికొస్తుంది, పైకీ కిందికీ తెరుచుకునేది కాదు. కొనే ముందు హింజుల చోట్లు, లాచ్ (గొళ్లెం) పోల్చుకోండి.

కొత్త తలుపు చేయించుకునే వాళ్లు, చేతిలో ఉన్న ఒక తలుపును తిరగేసి రెండోదానికి అచ్చు తీయకండి. రెండూ ఒకేలా ఉండవు, మధ్యలో ఒకదాని అంచు రెండోదాని మీదికి వస్తుంది. అచ్చు తీసేది కూడా దారం సరిగ్గా తగిలాకే, లేకపోతే ఆ మెలి కొత్త తలుపులోకీ ఎక్కుతుంది.

కొత్త రేకు నొక్కితే టపటపమంటోంది

వెల్డింగ్ ఏకబిగిన లాగేశారు. చుక్కలు చుక్కలుగా, చోటు మారుస్తూ, చల్లారనిస్తూ వేయాలి.

యాక్సిడెంట్‌లో వంగిన ఛాసిస్, ఎవరో తప్పుగా అతికించిన పిల్లర్ లాంటివి ఉంటాయి కానీ అరుదు. షిమ్ములు ఎన్ని వేసినా దారం మాట వినకపోతే అప్పుడు వాటి సంగతి చూడండి.