పొలం హద్దులను చట్టప్రకారం కొలిపించుకోవడం ఎలా?

గట్టు జరిగిందన్న అనుమానం రాగానే టేపు పట్టుకుని వచ్చే ప్రైవేటు మనిషిని పిలిపించుకోవడం మన ఊళ్లలో మామూలే. పక్క రైతు ఆ కొలతను ఒప్పుకోకపోతే మాత్రం అది ఏ కార్యాలయంలోనూ నిలవదు. ఆంధ్రప్రదేశ్‌లో హద్దుల సర్వేకు ఆధారం 1923 నాటి సర్వే, సరిహద్దుల చట్టం. ప్రభుత్వం నియమించిన సర్వే అధికారి కొలిచినప్పుడే ఆ కొలతకు చట్టబలం వస్తుంది.

ముందుగా పాసు పుస్తకం, 1-బి (భూమి హక్కుల రికార్డు), అడంగల్ (సాగు వివరాల రికార్డు), దస్తావేజు నకలు దగ్గర పెట్టుకుని, సర్వే నంబరు, విస్తీర్ణం అన్నింటిలోనూ ఒకటిగా ఉన్నాయో లేదో సరిచూసుకోండి. తరువాత ఎఫ్ఎంబీ, అంటే మీ సర్వే నంబరు కొలతలు చూపే సర్వే శాఖ పటం నకలు తీసుకోండి. పాత ఎఫ్ఎంబీల్లో కొలతలు లింకుల్లో ఉంటాయి. 66 అడుగుల గొలుసులో నూరో వంతు ఒక లింకు. వెయ్యి చదరపు లింకులైతే ఒక సెంటు. అంటే 400 లింకుల పొడవు, 250 లింకుల వెడల్పు ఉన్న దీర్ఘచతురస్రపు చేను సరిగ్గా ఎకరం. ఈ లెక్క తెలిసిన రైతును ఎవరూ తేలిగ్గా తికమక పెట్టలేరు.

ఆ తరువాత గ్రామ సచివాలయంలో గాని మీసేవలో గాని ఎఫ్-లైన్ (పొలం హద్దులు కొలిచి చూపమనే) దరఖాస్తు పెట్టి, రుసుము కట్టి, రసీదు భద్రపరచండి. దరఖాస్తులో చుట్టుపక్కల రైతులందరి పేర్లూ, ఊరు విడిచి వెళ్లినవారి ప్రస్తుత చిరునామాలతో సహా రాయండి. నేను గట్టిగా చెప్పదలచింది ఈ సంగతే: కొలత ఎంత సరిగ్గా జరిగినా, నోటీసు అందని పొరుగువాడు రేపు దాన్ని సవాలు చేస్తే పని మళ్లీ మొదటికొస్తుంది.

కొలిచే రోజున ఎఫ్ఎంబీ నకలు చేతిలో ఉంచుకుని, తగాదా ఉన్న గట్టు దగ్గర కాకుండా, చెక్కుచెదరకుండా ఉన్న రెండు పాత సర్వే రాళ్ల మధ్య దూరాన్ని ముందుగా కొలవమని అడగండి. ఆ దూరం ఎఫ్ఎంబీతో సరిపోతేనే ఆ రాళ్లను నమ్మి మిగతా హద్దులు తేల్చవచ్చు. కొలత జరిగిన తీరును రాసే పంచనామాను పూర్తిగా చదివిన తరువాతే సంతకం చేయండి. ఖాళీ కాగితం మీద ఎవరు అడిగినా చేయవద్దు. పాతిన రాళ్లను పీకేయడం శిక్షార్హమైన నేరమని ఇరుపక్షాల వారికీ అప్పుడే చెప్పించడం మంచిది.

తెలంగాణలో లెక్క గుంటల్లో, అంటే 121 చదరపు గజాల చొప్పున ఉంటుంది. ఎఫ్ఎంబీకి బదులు టిప్పన్ (అక్కడి సర్వే కొలతల పటం) అడగాలి. 2025 ఏప్రిల్ 14న భూమి హక్కుల రికార్డులకు సంబంధించిన భూభారతి చట్టం అమల్లోకి వచ్చాక అక్కడ లైసెన్స్‌డ్ సర్వేయర్ల పాత్ర పెరిగింది కాబట్టి, వచ్చిన వ్యక్తి లైసెన్సు అసలు ప్రతిని, దాని గడువును చూసిన తరువాతే పని మొదలుపెట్టించండి.

సర్వే ఫలితం నచ్చకపోతే గడువులోగా పై సర్వే అధికారికి అప్పీలు చేసుకోవచ్చు. అయితే భూమి ఎవరిదన్న ప్రశ్నను తేల్చే అధికారం సర్వేయరుకు లేదు, అది సివిల్ కోర్టు పని. కోర్టు అవసరమనుకుంటే అడ్వకేట్ కమిషనర్‌ను (పొలాన్ని స్వయంగా చూసి నివేదిక ఇచ్చే న్యాయవాదిని) నియమించి, సర్వేయరు సాయంతో మళ్లీ కొలిపిస్తుంది. రసీదు, నోటీసుల నకళ్లు, పంచనామా, స్కెచ్ అన్నీ దస్తావేజుతో కలిపి దాచుకుంటే, కమిషనర్ పొలానికి వచ్చిన రోజున వెతుక్కోనక్కరలేకుండా ఆయన ముందు పెట్టగలుగుతారు.