న్యూయార్క్ పేటలు చూడాలంటే 7 నంబరు రైలు
న్యూయార్క్ వెళ్లినవాళ్లు చాలామంది టైమ్స్ స్క్వేర్ దగ్గరే తిరుగుతుంటారు. అక్కడే 7 నంబరు సబ్‌వే ఎక్కి క్వీన్స్ వైపు వెళ్లండి. నది కింద నుంచి వెళ్లి, కాసేపటికి పట్టాలు పైకొచ్చేస్తాయి. ఇక కిటికీలోంచి పేటలన్నీ కనిపిస్తాయి. ఒక్కటి చూసుకోవాలి: 7 అంకె గుండ్రటి గుర్తులో ఉంటే అన్ని స్టేషన్లలోనూ ఆగుతుంది, డైమండ్ గుర్తులో ఉంటే ఎక్స్‌ప్రెస్. అది 74వ వీధిలో ఆగదు. అక్కడ దిగాల్సిందే మరి! అదే జాక్సన్ హైట్స్ పేట: చీరల షాపులు, బంగారం కొట్లు, నేపాలీ మోమోలు. చివరి స్టేషన్ ఫ్లషింగ్. చైనా వంటలు సరే, బౌన్ స్ట్రీట్ గణపతి గుడి క్యాంటీన్‌లో దోసె మాత్రం వదలొద్దు. స్టేషన్ నుంచి కాస్త దూరమే. శని, ఆదివారాల్లో ట్రాక్ పనులు ఎక్కువ, రూటు ముందే చూసుకోండి.