వనభోజనాలకి ఎవరేం తేవాలో ముందే రాసుకోండి
పోయిన కార్తీకంలో మా మిద్దెతోట గ్రూపు వనభోజనాలకి వెళ్తే, ఎవరికి తోచింది వాళ్ళు తెమ్మన్నాం కదా, ఉసిరిచెట్టు కింద మూతలు తీసి చూస్తే ఐదు గిన్నెల్లో పులిహోరే. కూర ఒక్కటీ లేదు. అందుకే వారం ముందే వాట్సాప్‌లో వంటకం పక్కన పేరు రాయించండి. 20 మంది వస్తుంటే ఒక్కొక్కరు 20 మందికీ వండక్కర్లేదు, 8 మందికి సరిపడా చాలు, ఎలాగూ అందరూ అన్నీ తలా కాస్త వేసుకుంటారు. తెల్లన్నం మాత్రం ఒకరిద్దరే పూర్తిగా తేవాలి. పెరుగన్నం తెచ్చేవాళ్ళు అన్నంలో గోరువెచ్చని పాలు ఎక్కువ పోసి చెంచాడు పెరుగు తోడేస్తే మధ్యాహ్నానికి కమ్మగా ఉంటుంది, పుల్లబడదు. వంట రానివాళ్ళకి విస్తళ్ళు, మంచినీళ్ళు, గరిటెలు అప్పజెప్పండి (మేం గరిటెలు మర్చిపోయి టీ గ్లాసుతో సాంబారు వడ్డించాం).