సూపర్‌సిలియస్ అనే మాట గుర్తుండాలంటే కనుబొమ్మ ఎత్తండి

ఈ ఇంగ్లిష్ మాట (supercilious) ముందు సూపర్ అని ఉంది కదా అని చాలామంది దీన్ని మెచ్చుకోలు అనుకుంటారు, కాదండీ, సూపర్‌సిలియస్ అంటే ఎదుటివాళ్లు తనకంటే తక్కువ, వాళ్లతో మాట్లాడటమే దండగ అన్నట్టు చూసే తీరు.

అర్థం బట్టీ పట్టకండి, మాటని విడదీయండి. లాటిన్‌లో సూపర్ అంటే పైన, సిలియం అంటే కనురెప్ప, మరి రెప్పకి పైన ఉండేదేంటి, కనుబొమ్మ, అదే సూపర్‌సిలియం. ఇప్పుడు అద్దం ముందు నిలబడి గడ్డం కాస్త లేపి, ఒక కనుబొమ్మ పైకెత్తి, కళ్లు మాత్రం కిందికి దించి చూడండి. ఆ మొహమే ఈ మాట. రోమన్లు కనుబొమ్మ అనే మాటనే పొగరు అనే అర్థంలో కూడా వాడేవాళ్లు, అక్కణ్ణుంచి 16వ శతాబ్దంలో ఇంగ్లిష్‌లోకి వచ్చింది. మనం కళ్లు నెత్తికెక్కాయి అంటాం చూడండి, వాళ్లకి కనుబొమ్మ ఎక్కింది, మనకి కళ్లే ఎక్కాయి, ఈ పోలిక తట్టాక నేను ఈ మాట మళ్లీ మర్చిపోలేదు. అనాటమీ చదివేవాళ్లకి ఇంకా ఈజీ, కనుబొమ్మల దగ్గర నుదుటి ఎముక మీదుండే గట్టుని సూపర్‌సిలియరీ ఆర్చ్ అంటారు కదా, అదే ఇది.

పలికేటప్పుడు నొక్కు సి మీద పడాలి. స్పెల్లింగ్‌లో ఆ సి దగ్గర ఎస్ రాసేస్తుంటారు, అక్కడ రావాల్సింది సీ అక్షరం, తర్వాత ఎల్ ఒక్కటే.

వాడకంలో అసలు తికమక అరొగెంట్‌తో. నేనే గొప్ప అని చెప్పుకునేవాడు అరొగెంట్, ఆ మాట లాటిన్‌లో తనకి తాను హక్కుగా చెప్పుకోవడం నుంచి వచ్చింది. సూపర్‌సిలియస్ మనిషి నోరు తెరవక్కర్లేదు. కొత్తగా చేరినవాళ్లు డౌట్ అడిగితే జవాబివ్వకుండా సన్నగా నవ్వి స్క్రీన్ వైపు తిరిగిపోయాడనుకోండి, ఆ నవ్వుకి ఈ మాట సరిగ్గా సరిపోతుంది. అందుకే ఎక్కువగా నవ్వు, చూపు, గొంతు, వీటి ముందే పెడతారు. మొహమాటంతో మాట్లాడని వాళ్లకి మాత్రం దయచేసి దీన్ని తగిలించకండి, వాళ్లది చిన్నచూపు కాదు, బెరుకు.

ఇది కాస్త బరువైన మాట, రాతలో బాగుంటుంది. మామూలు కబుర్లలో అయితే దాదాపు ఇదే అర్థమున్న స్నూటీ చాలు, అది ముక్కు అని అర్థమున్న స్నూట్ నుంచి వచ్చింది.