జర్నల్ బేరింగు లెక్కలో క్యావిటేషన్‌ను పట్టుకునే విధానం

తిరిగే షాఫ్టు నూనెను ఇరుకయ్యే సందులోకి ఈడ్చుకుపోవడం వల్ల జర్నల్ బేరింగులో, అంటే షాఫ్టును నూనె పొర మీద మోసే బేరింగులో, పీడనం పుడుతుంది. సందు మళ్లీ వెడల్పయ్యే వైపున మాత్రం, పొరలోని పీడనానికి రేనాల్డ్స్ 1886లో ప్రకటించిన సమీకరణాన్ని ఉన్నదున్నట్టు సాధిస్తే పెద్ద రుణ పీడనాలు వస్తాయి. మామూలు బేరింగులో నూనె పొర అంత లాగుడుకు ఆగదు; తెగి పాయలుగా చీలిపోతుంది, మధ్యలో వాయువు చేరుతుంది. ఇదే క్యావిటేషన్.

చుట్టుకొలత వెంట 120, వెడల్పున 30 నోడ్లు (లెక్కించే బిందువులు) ఉన్న గ్రిడ్‌తో, ప్రతి నోడ్ పీడనాన్నీ పొరుగు నోడ్ల తాజా విలువలతో మళ్లీ మళ్లీ సవరించే గాస్-సైడెల్ పద్ధతిలో మొదలుపెట్టండి. లెక్కంతా ముగిశాక రుణ విలువలను సున్నా చేస్తే అది గుంబెల్ షరతు. అదే పనిని ప్రతి ఆవృత్తిలో, ప్రతి నోడ్ దగ్గర అప్పటికప్పుడు చేస్తే, పొర తెగే అంచున పీడనంతో పాటు దాని వాలు కూడా సున్నా కావాలన్న స్విఫ్ట్-స్టీబర్ షరతు తనంతట తానే అమలవుతుంది. కోడ్‌లో మారేది ఒక్క పంక్తి ఉండే చోటే.

భారం అంచనాకు ఇది చాలు కానీ నూనె ప్రవాహానికి చాలదు. షాఫ్టుకూ బేరింగుకూ మధ్య వ్యాసార్ధపు ఖాళీ 50 మైక్రాన్లు, ఉత్కేంద్రతా నిష్పత్తి (షాఫ్టు కేంద్రం పక్కకు జరిగిన దూరాన్ని ఆ ఖాళీతో భాగిస్తే వచ్చేది) 0.8 అనుకుంటే సందు 10 నుంచి 90 మైక్రాన్ల దాకా మారుతుంది. పొర 12 మైక్రాన్ల దగ్గర తెగిందనుకుందాం. సందు 60 మైక్రాన్లయ్యే చోట కూడా అది నిండుగానే ఉందని ప్రోగ్రాము భావిస్తే, ఎక్కడా లేని నూనెను పుట్టించి, ఉన్నదాన్ని ఐదింతలు చేసినట్టే. అక్కడ నిజంగా నిండి ఉండేది ఐదో వంతే.

అందుకే నిండుదనాన్ని, అంటే థీటాను, రెండో చలరాశిగా తీసుకోవాలి. ప్రతి నోడ్ దగ్గర ముందు థీటా 1 అనుకుని పీడనం లెక్కించండి. అది రుణమైతే పీడనాన్ని సున్నా చేసి, ద్రవ్యరాశి నిత్యత్వం నుంచి థీటాను రాబట్టండి. షాఫ్టు ఈడ్చే ప్రవాహానికి ఎగువ నోడ్ విలువనే వాడాలి, లేకపోతే థీటా ఊగిసలాడుతుంది. ఇదే పనికి ఎల్‌రాడ్ 1981లో ఇచ్చిన పద్ధతిలో పీడనం నూనె ఆయత గుణకం (బల్క్ మాడ్యులస్, అంటే కుదింపును నూనె ఎంత అడ్డుకుంటుందో చెప్పే కొలత) బీటా ద్వారా వస్తుంది. లెక్క స్థిరపడటం లేదని బీటాను 100 మెగాపాస్కల్‌కు తగ్గిస్తే, 10 మెగాపాస్కల్ పీడనానికే సాంద్రత పది శాతం పెరిగిపోతుంది. ఆ బెడద లేదు గనుక నాకు ముందు చెప్పిన, పీడనాన్నీ థీటానూ విడిగా లెక్కించే పద్ధతే నచ్చుతుంది.

చివరగా, సరఫరా గాడి నుంచి లోపలికి వచ్చే నికర నూనెనూ రెండు అంచుల నుంచి కారిపోయే నూనెనూ కూడి పోల్చండి. ఆ రెండూ కలవకపోతే, పీడనపు పటం ఎంత నునుపుగా కనిపించినా ఆవృత్తులను ఆపవద్దు.