రసాయన ప్రక్రియపై హజాప్ అధ్యయనం నిర్వహించే విధానం

రసాయన కర్మాగారంలో ఒక ప్రక్రియ అనుకున్న తీరున నడవకపోతే ఏమవుతుందో, నిపుణుల బృందం ఒకచోట కూర్చుని పైపు పైపునూ ప్రశ్నిస్తూ తేల్చే పద్ధతిని హజాప్ (హాజర్డ్ అండ్ ఆపరబిలిటీ) అంటారు. 1960లలో బ్రిటన్‌లోని ఐసీఐ అనే రసాయన సంస్థలో ఇది రూపుదిద్దుకుంది. 1974 జూన్ 1న ఇంగ్లండ్‌లోని ఫ్లిక్స్‌బరో కర్మాగారంలో తాత్కాలికంగా బిగించిన బైపాస్ పైపు విరిగిపోయి, బయటికి వచ్చిన సైక్లోహెక్సేన్ ఆవిరి పేలి 28 మంది మరణించారు. ప్రక్రియ భద్రతను పరిశ్రమ చూసే తీరునే ఆ ప్రమాదం మార్చింది. ఈ అధ్యయనానికి ఇప్పుడు ఐఈసీ 61882 అనే అంతర్జాతీయ ప్రమాణం ఉంది. 2001లో వెలువడిన ఆ ప్రమాణాన్ని 2016లో సవరించారు.

అధ్యయనం నాణ్యతలో చాలా భాగం సమావేశానికి ముందే తేలిపోతుంది. బృందం ముందుంచే పీ అండ్ ఐడీ, అంటే పైపులూ పరికరాలూ ఇన్‌స్ట్రుమెంట్లూ చూపే చిత్రపటం, ప్లాంటులో నిజంగా ఉన్నదానితో సరిపోవాలి. నడుస్తున్న ప్లాంటైతే పటాన్ని చేతపట్టుకుని లైను వెంట నడిచి ప్రతి వాల్వునూ సరిచూసుకోవాలి. ఎప్పుడో తీసేసిన, ప్రవాహాన్ని వెనక్కి రానివ్వని నాన్ రిటర్న్ వాల్వు పటంలో ఇంకా కనిపిస్తుంటే, గదిలో కూర్చున్నవారు లేని రక్షణను ఉన్నట్టు లెక్కవేస్తారు. పదార్థాల భద్రతా వివరాలు, ఆపరేటింగ్ విధానం, పరిమితి దాటగానే ప్రక్రియను తామే ఆపే ఇంటర్‌లాకుల జాబితా, అధిక పీడనాన్ని బయటికి వదిలే రిలీఫ్ వ్యవస్థ లెక్కలు, గతంలో జరిగిన ఘటనల నివేదికలు కూడా సిద్ధంగా ఉంచాలి. వేడి పుట్టించే చర్య అయితే, ఆ వేడి ఎంత, చల్లబరచడం పూర్తిగా ఆగిపోతే ఉష్ణోగ్రత ఎంతవరకు పెరుగుతుంది, మిశ్రమం ఏ ఉష్ణోగ్రత వద్ద విచ్ఛిన్నం కావడం మొదలవుతుంది అనే మూడు విషయాలు ప్రయోగశాల కొలతల రూపంలో చేతిలో ఉండాలి. నా అభిప్రాయంలో ఈ మూడూ లేకపోతే సమావేశాన్ని వాయిదా వేయడమే మంచిది, ఎందుకంటే అప్పుడు బృందం చేసేది అధ్యయనం కాదు, ఊహాగానం.

బృందంలో ఏడెనిమిది మంది ఉంటే సరిపోతుంది. ఆ ప్రాజెక్టుతో సంబంధం లేని, పద్ధతిలో అనుభవమున్న వ్యక్తి నాయకత్వం వహించాలి. నమోదు చేసేందుకు వేరొకరు ఉండాలి. ప్రాసెస్ ఇంజనీరు, కెమిస్టు, ఇన్‌స్ట్రుమెంటేషన్ ఇంజనీరు, మెయింటెనెన్స్ ప్రతినిధి తప్పనిసరి. వీరందరితోపాటు ఆ యూనిట్‌ను రోజూ నడిపే ఆపరేటరు మొదటి రోజు నుంచి చివరి రోజు వరకు గదిలో ఉండాలి, ఎందుకంటే రాత్రి షిఫ్టులో ఏ అలారాన్ని ఎవరూ పట్టించుకోరో, ఏ వాల్వును చేత్తో తిప్పాల్సి వస్తుందో ఆయనకు తెలిసినంతగా మరెవరికీ తెలియదు. శ్రద్ధ సడలకుండా ఉండాలంటే రోజుకు ఐదారు గంటలకు మించి కూర్చోకూడదు.

తర్వాత ప్రక్రియను నోడ్లుగా, అంటే విడివిడిగా పరిశీలించగల చిన్న భాగాలుగా, విడగొట్టాలి. ఒక్కో నోడ్‌కు ఒకే స్పష్టమైన పని ఉండేలా చూసుకుని, ఆ పనిని, అంటే డిజైన్ ఉద్దేశాన్ని, అంకెలతో సహా రాయాలి. ఉదాహరణకు ఒక బ్యాచ్ రియాక్టరును తీసుకుందాం: "రియాక్టరులో ఏ అనే పదార్థం 60 డిగ్రీల సెల్సియస్ వద్ద, స్టిరర్ తిరుగుతూ ఉండగా, డోసింగ్ ట్యాంకు నుంచి బీ అనే పదార్థాన్ని గంటకు 200 కిలోల చొప్పున నాలుగు గంటలపాటు చేర్చాలి, పుట్టే వేడిని రియాక్టరు చుట్టూ ఉన్న జాకెట్‌లోని నీరు తీసుకుపోవాలి." ఇంత స్పష్టంగా రాస్తేనే దానికి విచలనం అంటే ఏమిటో తెలుస్తుంది. "బీని రియాక్టరుకు పంపడం" అని ఊరుకుంటే ఆ తర్వాతి చర్చంతా గాలిలో సాగుతుంది.

ఇప్పుడు ప్రవాహం, ఉష్ణోగ్రత, పీడనం, మట్టం, కలియబెట్టడం, కూర్పు వంటి పారామీటర్లకు గైడ్ వర్డ్స్, అంటే విచలనాన్ని సూచించే పదాలు, చేర్చుతూ పోవాలి. నో (లేదు), మోర్ (ఎక్కువ), లెస్ (తక్కువ), రివర్స్ (ఎదురు దిశలో), యాజ్ వెల్ యాజ్ (అదనంగా మరొకటి), పార్ట్ ఆఫ్ (కొంత భాగమే), అదర్ దాన్ (పూర్తిగా వేరేది) అనేవి మూల పదాలు. బ్యాచ్ ప్రక్రియల్లో ఎర్లీ, లేట్, బిఫోర్, ఆఫ్టర్ కూడా కావాలి, ఎందుకంటే అక్కడ క్రమం తప్పడమే పెద్ద ప్రమాదం.

పై ఉదాహరణలో ఉష్ణోగ్రతకు లెస్ చేర్చి చూద్దాం. చల్లగా ఉంటే ప్రమాదమేముంది అని బృందం ఈ పదాన్ని దాటేయాలనుకుంటుంది. నాయకుడు అక్కడే ఆపాలి. రియాక్టరు 60 డిగ్రీలకు బదులు 35 దగ్గరే ఉండిపోతే చర్య నెమ్మదిస్తుంది, కానీ డోసింగ్ ఆగదు. చర్యలో పాల్గొనని బీ లోపల పేరుకుపోతుంది. తర్వాత ఎవరో గమనించి జాకెట్‌కు ఆవిరి ఇస్తారు, లేదా చర్య తనంతట తానే అందుకుంటుంది. నాలుగు గంటల్లో విడుదల కావలసిన వేడి కొద్ది నిమిషాల్లో వెలువడి, జాకెట్ దాన్ని తీసుకుపోలేక, మిశ్రమం విచ్ఛిన్నమయ్యే ఉష్ణోగ్రతకు చేరవచ్చు. దీనికి కారణాలను పేరుపెట్టి రాయాలి: వేడిచేయడం పూర్తికాకముందే డోసింగ్ మొదలుపెట్టడం, జాకెట్ నీటి కంట్రోల్ వాల్వు తెరుచుకుని బిగుసుకుపోవడం, ఉష్ణోగ్రత సెన్సార్ అసలుకన్నా 25 డిగ్రీలు ఎక్కువగా చూపడం. "ఇన్‌స్ట్రుమెంట్ వైఫల్యం" అన్న రెండు మాటలతో సరిపెట్టకూడదు. ఏ ట్యాగ్ నంబరు (పటంలోని గుర్తింపు సంఖ్య) పరికరం, ఏ దిశలో విఫలమైందో రాయాలి.

పర్యవసానాన్ని రాసేటప్పుడు రక్షణలేవీ లేవని భావించి చివరిదాకా వెళ్లాలి. రక్షణలను ఆ తర్వాతే లెక్కలోకి తీసుకోవాలి, అదీ అవి కారణం నుంచి స్వతంత్రంగా ఉన్నాయని తేలితేనే. మన ఉదాహరణలో తక్కువ ఉష్ణోగ్రత వద్ద డోసింగ్‌ను ఆపే ఇంటర్‌లాక్ ఉందనుకుందాం. అది ఉష్ణోగ్రతను నియంత్రించే సెన్సార్ నుంచే సంకేతం తీసుకుంటుంటే, ఆ సెన్సార్ తప్పు చూపిన రోజున నియంత్రణా, ఇంటర్‌లాకూ రెండూ ఒకేసారి గుడ్డివైపోతాయి. కాబట్టి దాన్ని రక్షణగా నమోదు చేయకుండా, వేరే సెన్సార్ అమర్చాలని సిఫారసు రాయాలి.

కలియబెట్టడానికి నో చేర్చితే స్టిరర్ ఆగి బీ ఒక పొరగా నిలిచిపోవడం, ప్రవాహానికి రివర్స్ చేర్చితే రియాక్టరులో పీడనం పెరిగి సరుకు డోసింగ్ ట్యాంకులోకి ఎదురు తన్నడం, యాజ్ వెల్ యాజ్ దగ్గర జాకెట్‌కు చిల్లుపడి నీరు లోపలికి చేరడం బయటపడతాయి. జాకెట్ నీటికి నో చేర్చినప్పుడు ప్రత్యేకంగా నిదానించాలి. 2007 డిసెంబరు 19న అమెరికాలోని జాక్సన్‌విల్‌లో టీ2 లేబొరేటరీస్ రియాక్టరు చల్లబరచే వ్యవస్థ విఫలమై పేలి నలుగురు మరణించారు. ఆ వ్యవస్థకు ప్రత్యామ్నాయ ఏర్పాటు లేదు, అక్కడ హజాప్ జరిగిందనడానికి ఆధారం దొరకలేదని దర్యాప్తు చేసిన కెమికల్ సేఫ్టీ బోర్డు తెలిపింది.

నోడ్లన్నీ పూర్తయ్యాక కరెంటు, నీరు, నైట్రోజన్, వాల్వులను కదిలించే ఇన్‌స్ట్రుమెంట్ ఎయిర్ మొత్తం ప్లాంటుకు ఒకేసారి పోతే ఏమవుతుందో విడిగా చూడాలి. ఎయిర్ పోయినప్పుడు ఏ వాల్వు మూసుకుంటుందో, ఏది తెరుచుకుంటుందో జాబితా పెట్టుకుని చూస్తే తప్ప ఇది అర్థం కాదు. స్టార్టప్, షట్‌డౌన్, శుభ్రపరచడం వంటి దశలకూ గైడ్ వర్డ్స్ వర్తింపజేయాలి.

ప్రమాద స్థాయిని చూపే పట్టిక అయిన రిస్క్ మ్యాట్రిక్స్‌లో తీవ్రతనూ సంభావ్యతనూ గుర్తించడానికి గంటలు వెచ్చించనక్కరలేదు. తీవ్రత ఎక్కువగా తేలిన సందర్భాలను లోపా విశ్లేషణకు, అంటే రక్షణ పొరలు సరిపోతాయో లేదో లెక్కగట్టే పద్ధతికి, పంపి ముందుకు సాగవచ్చు. సమావేశంలోనే డిజైన్ మార్చాలని కూర్చుంటే అధ్యయనం ఆగిపోతుంది. సమస్యను నమోదు చేసి, పరిష్కారాన్ని బాధ్యుడికి అప్పగించాలి. "ఉష్ణోగ్రత రక్షణను పరిశీలించండి" అనే సిఫారసుకు అర్థం లేదు. ఏ రియాక్టరు మీద, ఏ పరికరాన్ని, ఏ కారణంగా, ఎవరు, ఏ తేదీలోగా అన్నవన్నీ, ఆ గదిలో లేని వ్యక్తి చదివినా తెలిసేలా ఉండాలి.

ప్రక్రియలో ఏ మార్పు చేసినా ఆ భాగాన్ని మళ్లీ పరిశీలించాలి. మార్పులేవీ లేకపోయినా అమెరికా ప్రక్రియ భద్రతా నిబంధనల ప్రకారం కనీసం ఐదేళ్లకొకసారి పునఃసమీక్ష జరగాలి. సిఫారసు పూర్తయిందని సంతకం పెట్టేముందు బాధ్యుడు పటంతో రియాక్టరు దగ్గరికి వెళ్లి, కొత్త సెన్సార్ బిగించి ఉందో లేదో, దాని సంకేతానికి డోసింగ్ వాల్వు నిజంగా మూసుకుంటుందో లేదో పరీక్ష జరిపి చూసి, ఆ ఫలితాన్ని నివేదికకు జతచేయాలి.